గరికకు మంద పెట్టించిన బాలమల్లు

మా తాత బాలమల్లు ఎవరి మీదా పగ పట్టలేదు, ఒక్క గరిక మీద తప్ప. పాలివాళ్లు పొలం గెట్టు జరిపితే ఒక పూట అరిచి, సాయంత్రం వాళ్లింట్లోనే చాయ తాగి వచ్చేవాడట. గరికను మాత్రం జన్మలో క్షమించలేదు. నడుస్తూ నడుస్తూ వంగి ఒక పోచ పీకుతాడు. పెళ్లికి పోయినా అంతే, చావుకు పోయినా అంతే, బస్సు కోసం నిలబడినా అంతే. పీకింది అక్కడే పడేస్తే మళ్లీ నాటుకుంటుందని గుప్పిట్లో పట్టుకుని, డాంబర్ రోడ్డు కనిపించేదాకా మోసుకుపోయి, ఎండలో పరిచి వస్తాడు. మా నాన్న పెళ్లి ఆల్బంలో తాత ముఖం ఒక్క ఫోటోలోనూ లేదు. వంగిన వీపు మాత్రం చాలాచోట్ల ఉంది.

అలాంటి మనిషికి జీతమిచ్చి గరిక పెంచమన్నారు. ఆ పని ఇప్పించింది మా నాయనమ్మ స్వరాజ్యం.

దానికి కారణం ఉంది. తాత చెలక ఏనాడో ఎయిర్‌పోర్టు కింద పోయింది. ఇప్పుడు అక్కడ విమానాలు దిగుతాయి. సరిగ్గా అక్కడే దిగుతాయా అంటే నాకు తెలియదు, తాతకు మాత్రం తెలుసు. తల మీద విమానం పోతుంటే మాట ఆపి, చప్పుడు తగ్గేదాకా ఆగి, "మన బాయిగడ్డ మీద దిగింది" అని చెప్పి, ఎక్కడ ఆపాడో అక్కణ్నుంచి మళ్లీ అందుకుంటాడు. భూమి పోయాక కొన్నాళ్లు బర్రెలు పెట్టాడు. కొన్నాళ్లు ఒక వెంచర్ దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక ఇంటికి వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడంటే అబద్ధం. సాగు చేయడానికి భూమి లేక, నాయనమ్మను సాగు చేయడం మొదలుపెట్టాడు.

"ఉల్లిగడ్డ గింత లావు కోస్తరా?"

"గా మంట తగ్గించు, అడుగు మాడుతది."

"పప్పుల ఉప్పు ఎయ్యకముందే నాకు చెప్పు, నేను చూస్త."

నాయనమ్మ గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. "ఓ రేఖా, గీ ముసలోణ్ని ఎటన్న తోల్కపోవే. ఇంక నాల్గు దినాలైతే నా నెత్తి మీద గూడ నాగలి పెడ్తడు." నాకు ఇంటర్ ఒంటబట్టక ఇంట్లోనే ఉంటున్న రోజులవి. వాళ్లిద్దరినీ చూస్తుంటే పొద్దు ఎట్లా పోయేదో తెలిసేది కాదు.

చివరికి నాయనమ్మే పోయి గోవర్ధన్‌ను కలిసింది. గోవర్ధన్ మా ఊరివాడే. ప్లాట్ల వ్యాపారంలో బాగుపడి, తుక్కుగూడ పోయే దారిలో కొత్తగా ఫంక్షన్ హాలు కట్టాడు. హాలు ముందు పెద్ద ఖాళీ జాగా. అక్కడ లాన్ వేసి, చెట్లకు లైట్లు చుట్టి, స్టేజీ కట్టి రిసెప్షన్లు చేయించాలని ఆయన ఆశ.

"కాకకు పని ఇస్త చిన్నమ్మా," అన్నాడు గోవర్ధన్. "గాని దసరా ఎల్లినంక మొదటి రిసెప్షన్ ఉంది. అప్పటికి గడ్డి పచ్చగ పరుచుకోవాలె. కాలేదనుకో, చాపల్లెక్క చుట్టి అమ్మే గడ్డి తెప్పిస్త. దానెంబడి వాళ్ల తోటమాలే వస్తడు. కాకను ఇంటికి పంపిస్త. అప్పుడు నన్ను తిట్టద్దు."

"నిన్నెందుకు తిడ్త బిడ్డా," అంది నాయనమ్మ. "ఇంటికి పంపిస్తనన్నవ్ జూడు, గదొక్కటి జెయ్యకు."

మొదటి రోజు తాత పార భుజాన వేసుకుని పోయాడు. నేనూ వెంట పోయాను. జాగాలో ఒక మూల తవ్వి, పెళ్ల చేతిలోకి తీసుకుని నలిపాడు, వాసన చూశాడు. కొంచెం నాలుక మీద కూడా వేసుకున్నాడని నా అనుమానం. అడిగితే ఒప్పుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి పప్పు గురించి ఒక్క మాట అనలేదు. పెట్టింది తిని, గోళ్లలో మట్టి అట్లాగే ఉంచుకుని పడుకున్నాడు. చెలక పోయిన తర్వాత ఆయన అంత ఒళ్లు తెలియకుండా నిద్రపోవడం అదే మొదలని నాయనమ్మ అంది. తలుపు దగ్గర నిలబడి చేతులు కూడా జోడించింది. దేవుడికో, గోవర్ధన్‌కో.

విత్తనాల సంచి విప్పిన రోజు అసలు గొడవ మొదలైంది. తాత చిటికెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఎండకు పట్టి చూశాడు.

"ఏం ఇత్తనాలు గోవర్ధనూ? రాగులు గావు, సామలు గావు."

"గరికనే కాకా. మంచి జాతిది."

పైన విమానం ఏదీ పోవడం లేదు, అయినా తాత ఆగాడు.

"గరికల మంచి జాతి, చెడ్డ జాతి ఉంటదారా? దీన్ని డబ్బులు పెట్టి కొన్నవా?"

"కొనకపోతే ఎవరిస్తరు?"

"నన్నడగకపోతివి. నలభై ఏండ్లు పీకి రోడ్ల మీద పారబోసిన."

అయినా పని పనే. గడ్డికి ఏ ఎరువు మంచిదో అడుగుదామని నేను తాతను బండి మీద ఎక్కించుకుని, శంషాబాద్‌లో మల్లేశ్వర్ నడిపే ఎరువుల దుకాణానికి తీసుకుపోయాను. నాట్ల రోజులు. దుకాణం ముందు యూరియాకు లైను. మనుషులు గోడ నీడకు కూర్చుని ముచ్చట్లు పెడుతుంటే, వాళ్ల బదులు వాళ్ల చెప్పులు ఎండలో వరుసగా నిలబడి ఉన్నాయి. తాత కూడా అలవాటుగా ఒక చెప్పు విప్పి చివర్లో పెట్టాడు. వంతు వచ్చింది.

"ఏం పంట కాకా?" అడిగాడు మల్లేశ్వర్.

తాత దగ్గాడు. "ఉన్నది లే, ఒక పంట."

"గదే, ఏం పంట? వరికొకటి ఇస్త, మక్కకొకటి ఇస్త. పంట తెల్వకుంట ఏమియ్యాలె?"

"పచ్చగ ఉంటది."

"అన్ని పచ్చగనే ఉంటయ్ కాకా."

నాకు ఇక ఆగలేదు. "గరిక అన్నా! తాత గరిక ఏస్తున్నడు," అన్నాను, లైన్లో చివరి చెప్పుకు కూడా వినిపించేటట్టు.

గోడ నీడ మొత్తం లేచి నిలబడింది.

"బాలమల్లన్నా, మా పొలం ఒడ్ల మీద మస్తుంది, ఇత్తనానికి ఉంచల్నా?"

"కోతకు మిషిన్ మాట్లాడినవా?"

"గరికకు ఈసారి మద్దతు ధర ఎంతనట?"

మల్లేశ్వర్ పైకి నవ్వకుండా పెదవి కొరుక్కుని, వివరంగానే చెప్పాడు. "ఇత్తే ముందుగాల సూపర్ ఫాస్ఫేట్ జరంత మట్టిల కలుపు, ఏర్లు బాగ దిగుతయ్. పెంట ఎయ్యాల్నంటే బాగ మాగిన పాతదే ఎయ్యి, పచ్చిది వద్దు, దాంట్ల అన్ని గింజలుంటయ్. మొలిచి రెండుసార్లు కోసినంకనే యూరియా. అది గూడ పల్చగ. ఎక్కువైతే లేత గడ్డి మాడుతది. ఆకు ఆరినంక చల్లి, ఎంటనే నీళ్లు కొట్టు."

మంచి మాటలే. తాత చెవికి ఒక్కటీ ఎక్కలేదు. ఆయన చెవుల నిండా మద్దతు ధర ఉంది. చెప్పు తొడుక్కుని బండెక్కి, పాలమాకుల దాటాక అన్నాడు.

"గరిక కోసం లైన్ల నిలబడేటంత దిగజారలె నేను. వాళ్ల యూరియా వాళ్లకే ఉండనీ. నేను నా తీరుగ ఏస్త."

తాత తీరు అంటే మంద. మా దిక్కు విత్తే ముందు గొర్రెల మందను తోలుకొచ్చి రాత్రంతా చెలకలో పడుకోబెడతారు. తెల్లారేసరికి చెలక నిండా పెంట పరుచుకుని ఉంటుంది. మోసే పని లేదు, చల్లే పని లేదు. తాత చిన్ననాటి దోస్తు యాదయ్యకు ఇంకా గొర్రెలున్నాయి. రింగురోడ్డు పక్కన పొద్దంతా మేస్తుంటాయి.

మర్నాడు పొద్దున్నే గోవర్ధన్ రిసెప్షన్ వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు, జాగా చూపిద్దామని. గేటు మీద రంగుల బోర్డు, "శుభస్వాగతం". దాని కింద గొంగడి కప్పుకుని యాదయ్య. లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గొర్రెలు, స్టేజీ మీద రెండు పొట్టేళ్లు.

"కాకా! ఏందిది?" అరిచాడు గోవర్ధన్.

"ఎరువు," అన్నాడు తాత.

"గొర్రెలు గదా!"

"ఎరువే. ఇంక జరంత లోపల్నే ఉంది."

"మెల్లగ మాట్లాడు సేటూ," అన్నాడు యాదయ్య. "బెదిరినయనుకో, ఎరువంత ఒక్క దగ్గర్నే పడ్తది."

గోవర్ధన్ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అంతలో పెళ్లికూతురి తాత గేటు పట్టుకుని, మందను ఈ కొస నుంచి ఆ కొస దాకా తీరిగ్గా చూసి తల ఊపాడు. "బాగుంది. మటన్ గిట్ల కండ్ల ముందట ఉంటేనే నమ్మకం." దాంతో గోవర్ధన్ అనబోయిన మాట మింగేసి, అవునన్నట్టు నవ్వాడు. మా తాతను మాత్రం కళ్లతోనే తిట్టాడు.

ఆ పెంటను తాత తిరగదున్ని మట్టిలో కలిపి, నీళ్లు పెట్టి, ఆగి, గరిక చల్లి, పైన మెల్లగా ముళ్లకంప లాగాడు. వానలు కూడా మాట విన్నాయి. కొన్నాళ్లకు నేల మీద పచ్చని పొగలాంటిది లేచింది. తాత రోజూ వంగి, చెంప నేలకు ఆనించి చూసేవాడు. "మొలిచింది" అనేవాడు, కొంచెం సంతోషంగా, కొంచెం సిగ్గుగా, దొంగకు అన్నం పెట్టినవాడిలా.

మొలిచింది గరిక ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. యాదయ్య గొర్రెలు సాయంత్రాలు శంషాబాద్ అంగడిలో మిగిలిన కూరగాయలు కూడా తినేవి. తిన్నవన్నీ తెచ్చి మా లాన్‌లో విత్తాయి. గరిక మధ్యన తోటకూర, తోటకూర మధ్యన టమాట, అక్కడక్కడ సర్కారు తుమ్మ.

"తాతా, గవన్ని పీకెయ్యాలె," అన్నాను.

తుమ్మ పీకాడు. తోటకూర ముందుకు వచ్చి ఆగిపోయాడు.

"తోటకూర పీకుతరానే?"

"లాన్ల తోటకూర ఉంటదా?"

"ఉంటే తప్పేంది? రిసెప్షన్‌కు వచ్చినోళ్లు తెంపుకపోతరు."

"ఫోటోల పడ్తది తాతా."

"పడనీ. తోటకూరకు ఏమైంది, అందంగ ఉండదా?" నవ్వకుండానే అన్నాడు. "తినే మొక్కను పీకి గడ్డిని ఉంచుమంటే, చెయ్యి ఆడుతలేదే బిడ్డా."

ఆడలేదు. ఆడకూడని చోట మాత్రం ఆడింది.

వినాయకుడి నిమజ్జనం మర్నాడు నేను అన్నం తీసుకుని పోయేసరికి తాత స్టేజీ ముందు గొంతుక్కూర్చుని, ఎడమ చేత్తో ఫోను చెవికి పెట్టుకుని యాదయ్యతో మాట్లాడుతున్నాడు. ఒక పొట్టేలుకు కడుపుబ్బరమట, దాని వైద్యం. కుడి చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. చూస్తే, స్టేజీ ముందు ఒక పెద్ద గదంత జాగా నున్నగా ఉంది. ఒక్క గరిక పోచ లేదు. తోటకూర మొక్కలు కలుపు తీసిన మడిలో లాగా శుభ్రంగా నిలబడ్డాయి. టమాటలకు చుట్టూ పాదులు కూడా తీసి ఉన్నాయి. పీకిన లేత గడ్డి పక్కనే బండల మీద, ఎండలో, పద్ధతిగా పరిచి ఉంది.

"తాతా! ఏం జేస్తున్నవ్?"

"యాదయ్యతోని మాట్లాడుతున్న."

"గా చెయ్యి ఏం జేస్తుంది?"

తాత తన చేతిని చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అయినట్టు. ఫోనులో యాదయ్య "బావా, బావా" అంటూనే ఉన్నాడు. నేను నవ్వబోయాను, కానీ తాత ముఖం చూశాక నోరు మూసుకున్నాను. ఆయన బండల మీదికి పోయి, వాడిపోయిన పోచలను ఒక్కొక్కటే తీసి మళ్లీ మట్టిలో గుచ్చుతున్నాడు. అవి నిలబడటం లేదు.

"ఇగ ఇంటికే," అన్నాడు. "ఇగ నాకు గా పొయ్యి ముందటనే."

గోవర్ధన్ వచ్చి చూసి, ఈసారి అరవలేదు. అదే భయం వేసింది. ఫోను తీసి కాంట్రాక్టర్‌తో మాట్లాడాడు, చాపగడ్డి ఎప్పుడు దొరుకుతుందో కనుక్కున్నాడు. "దసరా దాక చూస్త కాకా. అప్పటికి మొత్తం పచ్చగ కనవడాలె. లేకుంటే నేనేం జెయ్యలేను."

ఇంటికి వచ్చి తాత తన ఉపాయం చెప్పాడు. యూరియా బస్తా తెచ్చి పిడికిళ్లతో దంచి కొడితే, ఉన్న గడ్డే పాకి ఖాళీ జాగాను కమ్మేస్తుందట. నాయనమ్మ కత్తిపీట పక్కకు జరిపి లేచింది. తాత ఇంటికి వచ్చి కూర్చునే ప్రమాదం అంత దగ్గరగా కనిపించాక ఆమెకు ఎక్కడలేని ఓపిక వచ్చింది.

"మాడ్చుతవా దాన్ని గూడ? లేని గడ్డికి యూరియా ఏస్తే ఏం పాకుతదయ్యా, నీ తలకాయ? ముందుగాల నాటెయ్యాలె."

"గడ్డిని నాటేస్తరా?"

"వరి నాటెయ్యలేదా? గది గూడ గడ్డే."

మర్నాడు నాయనమ్మ తన పాత నాట్ల జట్టును తోలుకుని హాలుకు పోయింది. అందరూ అరవై దాటినవాళ్లే, అందరి నోళ్లూ పదునుగానే ఉన్నాయి. గరిక తెచ్చే పని తాతకు ఒప్పజెప్పారు. ఆయన యాదయ్యతో కలిసి కుంట కట్ట మీదికి పోయాడు. జీవితమంతా పీకిన చెయ్యే. కానీ ఈసారి పార లోతుగా దింపి, వేరు తెగకుండా, మట్టితో సహా ఎత్తి, తడి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. సంచి దించుతుంటే ఆయన మొహం చూడాలి. పగవాడికి పిల్లనిచ్చినట్టు ఉంది.

ఆడవాళ్లు ముందు తోటకూర, టమాట మొక్కల పని పట్టారు. పీకడం, మట్టి దులపడం, కొంగులో కట్టుకోవడం. కాసేపటికి లాన్ మొత్తంలో తోటకూర కాడ లేదు. తాత చూడలేక గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఓ బాలమల్లన్నా, అటు దిక్కు తిరిగి ఏడుస్తున్నవా?"

"రాత్రికి మా ఇంటికి రా, పప్పుల ఏసి పెడ్త, దుఃఖం పోతది."

తర్వాత చీరలు మోకాళ్ల దాకా ఎగ్గట్టి, స్టేజీ వైపు నుంచి వరుస కట్టి, వంగి, గరిక తుంపలను బురదలో గుచ్చుతూ వెనక్కి నడిచారు. వరి నాటు ఎట్లా వేస్తారో అట్లాగే, సాలు తప్పకుండా. గోవర్ధన్ హాలు మేడ మీద నిలబడి చూశాడు. ఆయన జన్మలో లాన్‌కు నాట్లు వేయడం చూసి ఉండడు. కిందికి దిగి అందరికీ చాయ తెప్పించాడు.

తుంపలు పట్టుకున్నాయి. మిగతా గడ్డిని రెండుసార్లు కోశాక, నాయనమ్మ యూరియాకు ఒప్పుకుంది. తాత మళ్లీ మల్లేశ్వర్ దుకాణానికి పోవాల్సి వచ్చింది. చెప్పు లైన్లో పెట్టాడు. వంతు రాగానే, మల్లేశ్వర్ అడగకముందే గట్టిగా చెప్పాడు. "గరికకు. పల్చగనే ఏస్త. నా పెండ్లామే ఏపిస్తది." గోడ నీడలో ఈసారి ఎవరూ లేవలేదు. ఒకాయన మాత్రం, తన ఇంటి ముందర కూడా కొంచెం గడ్డి వేద్దామనుకుంటున్నానని, ఎట్లా వేయాలని అడిగాడు. తాత అడిగినదానికంటే చాలా ఎక్కువ చెప్పాడు.

చల్లే రోజు నాయనమ్మ యూరియాను ఎండిన ఇసుకలో కలిపి రెండు గంపల్లోకి సగం సగం పంచింది. ఒక గంప నిలువు నడకకు, ఇంకోటి అడ్డం నడకకు. ఒక నడకలో తప్పిన చోటు ఇంకో నడకలో అందుతుందని. ఎండెక్కి మంచు ఆరేదాకా తాతను గంప ముట్టనివ్వలేదు. ముట్టాక ఆయన గుప్పిట నింపాడు. నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పదీసి, సగం మళ్లీ గంపలోకి రాల్చింది.

"గిన్నేనా? గడ్డికి దిష్టి తీస్తున్నమా ఏంది?"

"గిన్నే. నడువ్."

తాత నడిచాడు. నడిచిన వెంటనే నేను పైపుతో నీళ్లు కొట్టాను.

రిసెప్షన్ నాటికి లాన్ పచ్చగా పరుచుకుంది. అంతా ఒకే పచ్చ అని చెప్పను. స్టేజీ ముందు నాటు వేసిన జాగా మాత్రం సాళ్లు సాళ్లుగా, కొంచెం ముదురు రంగులో కనిపించింది. పెళ్లికూతురి తాత దాని ముందు నిలబడి, "ఇది ఏందయ్యా, డిజైనా?" అని అడిగాడు.

"స్పెషల్ డిజైన్," అన్నాడు గోవర్ధన్ తడుముకోకుండా. "చానా మంది లేబర్ను పెట్టి చేపిచ్చిన."

తాత ఆ రాత్రి అంచున నిలబడి, గడ్డి మీద నడిచే ప్రతి మనిషి కాళ్లనూ చూశాడు. ఒక్కసారి కూడా వంగలేదు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకునే నిలబడింది. ప్రేమ అనుకున్నారు చూసినవాళ్లు. కాపలా అని నాకు తెలుసు.

మర్నాడు గోవర్ధన్ ఇంటికి వచ్చాడు. "కాకా, ఇగ నువ్వే తోటమాలివి. చాపగడ్డి ముచ్చటే లేదు." నాయనమ్మ ముఖం దీపంలా వెలిగింది. అంతలో ఆయన ఆమె వైపు తిరిగాడు. "గాని చిన్నమ్మా, నువ్వు గూడ రావాలె. నీకు గూడ జీతమిస్త. కాక ఒక్కడే ఉంటే నెల తిరిగేసరికి నా హాలు ముందట కూరగాయల తోట ఉంటది."

తాతను ఇంట్లోంచి పంపడానికి నాయనమ్మ ఎంత కష్టపడిందో నాకు తెలుసు. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే దాకా ఆయనతోనే ఉండాలి. రానంటే ఆయన పని పోతుంది, మళ్లీ పొయ్యి దగ్గరికి వస్తాడు. తాత ఆమెనే చూస్తున్నాడు, చిన్నపిల్లవాడు జాతరకు తీసుకుపోతారా లేదా అని చూసినట్టు.

"వస్త లే," అంది చివరికి. "గా చేతులను ఎవరన్న కనిపెట్టాలె గదా."

ఇప్పుడు ఇద్దరూ పొద్దున్నే డబ్బా కట్టుకుని పోతారు. వంట నా మెడకు పడింది. మధ్యాహ్నం పోయి చూస్తే నాయనమ్మ పైపు పట్టుకుని నీళ్లు కొడుతుంటుంది. తాత వెనకే నడుస్తూ పైపు ఎట్లా పట్టుకోవాలో చెబుతుంటాడు.

"గట్ల గాదు, జర పైకెత్తు. ఇంక పైకి. ఏలు అడ్డం పెట్టు, అప్పుడు జల్లులెక్క పడ్తది. నీకు చెప్తే..."

నిన్న ఆమె అన్నీ విన్నది. పైపు పైకెత్తింది, వేలు అడ్డం పెట్టింది, మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఏమే, ఏమే! తడుస్తున్న!"

"కదలకు," అంది నాయనమ్మ. "జర పచ్చగైతవ్."